ఏమో, గుర్రం లెక్కలూ చెప్పావచ్చు!

"ఏమో, గుర్రం ఎగరావచ్చు" అన్న నానుడి తెలుగువాళ్ళకు కొత్త కాదు. దాని వెనుక కథా తెలిసినదే. మరణశిక్ష పడిన ఖైదీ ఒకడు, ఏడాది గడువిస్తే మీ గుర్రానికి ఎగరడం నేర్పుతానని రాజుగారికి మాట ఇస్తాడు. ఇదెక్కడి పిచ్చి అని తోటి ఖైదీ విస్తుపోతే, ఈ ఏడాదిలో రాజు పోవచ్చు, నేను పోవచ్చు, గుర్రమే పోవచ్చు, ఏమో, గుర్రం ఎగరావచ్చు అంటాడు. ఈ కథలో తెలివంతా ఖైదీదే. గుర్రం ఏమనుకుందో ఎవరూ అడగరు.

గుర్రాలకు విద్యలు నేర్పిన మనుషుల చరిత్ర చదువుతుంటే నాకు ఈ కథే గుర్తుకు వస్తూ ఉంటుంది. అక్కడ కూడా అందరూ నేర్పినవాడి గురించే మాట్లాడతారు. వాడు మాంత్రికుడా, మోసగాడా, మహానుభావుడా అని తర్కిస్తారు. గుర్రం నిజంగా ఏం నేర్చుకుంది అన్న ప్రశ్నకు సరైన సమాధానం దొరకడానికి దాదాపు మూడువందల ఏళ్ళు పట్టింది. దొరికిన సమాధానం గుర్రం గురించి చెప్పినదానికన్నా మన గురించి చెప్పినదే ఎక్కువ. ఈ వ్యాసం ఆ మూడువందల ఏళ్ళ గురించి.

ముందుగా, ఈ విద్యలు ఎలా నేర్పుతారో చూద్దాం. సూత్రం చాలా చిన్నది. గుర్రం తనంతట తాను చేసే కదలికను ఒకదాన్ని ఎంచుకోవాలి. దానికి ఒక సంజ్ఞను జతచేయాలి. చేసిన వెంటనే చిన్న రొట్టెముక్కో క్యారట్ ముక్కో పెట్టాలి. ఉదాహరణకు, మెడ కింద ఈగ వాలితే గుర్రం తల విదిలిస్తుంది. పందొమ్మిదో శతాబ్దపు శిక్షకులు గుండుసూదితో మూపు దగ్గర మెల్లగా గుచ్చి ఆ విదిలింపును తెప్పించేవారు. కొన్నాళ్ళకు సూది అక్కర్లేదు. శిక్షకుడి చెయ్యి కొంచెం అటు కదిలితే చాలు, గుర్రం తల అడ్డంగా ఆడిస్తుంది. చూసేవాళ్ళకు అది "కాదు" అని చెప్పినట్లుంటుంది. ముందరి కాలిని తడితే గుర్రం డెక్కతో నేలను గీరుతుంది. ఆ గీరడం మొదలుపెట్టడానికి ఒక సంజ్ఞ, ఆపడానికి మరొక సంజ్ఞ అలవాటైతే లెక్కలు చెప్పే గుర్రం సిద్ధమైనట్లే. ముందరి కాళ్ళ మధ్య నుంచి రొట్టెముక్క చూపిస్తూ తల కిందికి రప్పిస్తే నమస్కారం. ఇందులో కష్టమైన భాగం నేర్పడం కాదు, సంజ్ఞను నానాటికీ చిన్నది చేస్తూ పోవడం. చెయ్యి ఊపడం వేలు కదపడంగా, వేలు కదపడం భుజం కదపడంగా, చివరకు ప్రేక్షకుడి కంటికి ఆననంతటి చలనంగా మారిపోవాలి. విద్య అంతా ఆ మాయమవడంలోనే ఉంది.

ఈ విద్యతో ఐరోపాలో మొదట గొప్ప పేరు తెచ్చుకున్నవాడు ఇంగ్లండుకు చెందిన విలియం బ్యాంక్స్. మొదటి ఎలిజబెత్ రాణి పాలన చివరి దశకంలో లండన్ సత్రాల ముంగిళ్ళలో అతని గుర్రం మరాకో ప్రదర్శనలిచ్చేది. ప్రేక్షకుల జేబులో ఎన్ని నాణేలున్నాయో డెక్కతో తట్టి చెప్పేది. పాచికల మీద పడిన సంఖ్య చెప్పేది. ఒక చేతితొడుగు నోటికిచ్చి ఫలానా వారికి ఇచ్చి రమ్మంటే గుంపులోకి వెళ్ళి ఇచ్చి వచ్చేది. ఇంగ్లండు రాణి పేరు చెబితే వంగి నమస్కరించేది. స్పెయిన్ రాజు పేరు చెబితే పళ్ళు ఇకిలించి మీదికి వచ్చేది. 1588లో స్పెయిన్ నౌకాదళం దండెత్తి వచ్చిన జ్ఞాపకం ఇంకా పచ్చిగా ఉన్న రోజులవి. చప్పట్లకు లోటు లేదు. 1600 ప్రాంతంలో ఆ గుర్రాన్ని సెయింట్ పాల్ చర్చి మెట్లెక్కించి పైకప్పు దాకా తీసుకువెళ్ళాడట. షేక్‌స్పియర్ నాటకం ఒకదానిలో నాట్యం చేసే గుర్రం ప్రస్తావన వస్తుంది. అది ఈ మరాకోయే అని పండితుల అభిప్రాయం.

బ్యాంక్స్ 1601లో ఫ్రాన్సుకు వెళ్ళాడు. అక్కడ చప్పట్లతో పాటు అనుమానమూ ఎదురైంది. మాట్లాడని జంతువు మనిషి మనసులోని సంఖ్య చెబుతోందంటే దానిలో భూతమైనా ఉండాలి, దాని యజమాని మాంత్రికుడైనా కావాలి. ఆ కాలంలో మంత్రవిద్య నేరం రుజువైతే శిక్ష సజీవ దహనం. పారిస్‌లో అధికారులు అతణ్ణి నిర్బంధించారు. ఇదంతా సంజ్ఞల మహిమే తప్ప మరేమీ కాదని చేసి చూపించాక వదిలిపెట్టారు. ఓర్లియాన్స్‌లో మరింత గడ్డు పరిస్థితి వచ్చిందని ఒక ఇంగ్లీషు బిషప్ తరువాతి కాలంలో రాశాడు. ఆ కథనం ప్రకారం, గుంపులో టోపీ మీద శిలువ గుర్తు ఉన్న ఒకణ్ణి వెతికి, అతని ముందు మోకరిల్లి, ఆ శిలువను ముద్దుపెట్టుకోమని బ్యాంక్స్ గుర్రాన్ని ఆదేశించాడు. గుర్రం అలాగే చేసింది. దయ్యమైతే శిలువను తాకలేదు కనుక ప్రాణాలు దక్కాయి. గుర్రమూ అతనూ కలిసి మంటల్లో కాలిపోయారని లండన్‌లో పుకారు పుట్టింది కానీ అది నిజం కాదు. బ్యాంక్స్ తిరిగివచ్చి, రాజుగారి లాయంలో పనిచేసి, తరువాత లండన్‌లో ద్రాక్షసారా వర్తకుడిగా స్థిరపడ్డాడు.

నన్ను ఎక్కువగా ఆకర్షించింది ఈ సాహసాలు కావు, ఆ తరువాత వచ్చిన రెండు పుస్తకాలు. 1607లో గెర్వేస్ మార్క్‌హామ్ అశ్వవిద్య మీద రాసిన పెద్ద గ్రంథంలో, బ్యాంక్స్ గుర్రం చేసిన విద్యలను ఎవరి గుర్రానికైనా ఎలా నేర్పవచ్చో వివరించాడు. 1612లో శామ్యూల్ రిడ్ గారడీ విద్యల రహస్యాలు బయటపెడుతూ రాసిన చిన్న పుస్తకంలో ఇంకా సూటిగా చెప్పేశాడు. యజమానికి ముందుగా తెలియనిదేదీ గుర్రం చెప్పలేదు. గుర్రం చూపు ఎప్పుడూ యజమాని మీదే ఉంటుంది. గుర్రం నేలను తడుతున్నంతసేపూ యజమాని రాయిలా నిలబడతాడు. కావలసిన సంఖ్య రాగానే భుజాలు పైకెత్తి కొంచెం కదులుతాడు. గుర్రం ఆపేస్తుంది. ఇంతే రహస్యం. ఈ మాటలను మనం కాసేపు గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే తరువాతి తరాలవాళ్ళు మరిచిపోయారు.

గుర్రపు విద్యలు సత్రపు ముంగిలి నుంచి సొంత గూటికి చేరింది పద్దెనిమిదో శతాబ్దంలో. అశ్వికదళంలో పనిచేసి వచ్చిన ఫిలిప్ ఆస్ట్లీ 1768లో లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ వంతెన సమీపాన ప్రదర్శనలు ప్రారంభించాడు. వలయంలో పరుగెత్తే గుర్రం మీద నిలబడితే మనిషి పడిపోకుండా నిలదొక్కుకోవడం సులువని గ్రహించాడు. ఆ వలయానికి స్థిరపడిన 42 అడుగుల వ్యాసమే నేటికీ సర్కస్ రంగానికి ప్రమాణం. యుద్ధంలో చచ్చినట్లు పడిపోయి మళ్ళీ పిలవగానే లేచే చదువుకున్న గుర్రం ఆస్ట్లీ ప్రదర్శనలో ముఖ్య ఆకర్షణ. అంటే ఆధునిక సర్కస్ పుట్టిందే గుర్రం కోసం. మన దేశంలోనూ అంతే. 1880లో బొంబాయిలో తొలి భారతీయ సర్కస్‌ను ప్రారంభించిన విష్ణుపంత్ ఛత్రే, కురుంద్వాడ్ సంస్థానంలో గుర్రపు స్వారీలో ఆరితేరినవాడు.

సర్కస్ డేరాలో గుర్రం లెక్కలు చెబితే ఎవరూ భయపడరు. అదొక వినోదం. కానీ 1904లో బెర్లిన్‌లో ఒక గుర్రం లెక్కలు చెప్పినప్పుడు పరిస్థితి వేరు. దాని యజమాని సర్కస్‌వాడు కాదు, విల్హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అనే విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు. జంతువులకూ మనలాంటి బుద్ధి ఉంది, చదువు చెప్పేవాళ్ళే లేరు అని ఆయన గట్టి నమ్మకం. ఇంటి పెరట్లో నల్లబల్ల పెట్టి, ముందు చెక్కబొమ్మలతో, తరువాత పూసల చట్రంతో, ఆ తరువాత అంకెలతో నాలుగేళ్ళపాటు హాన్స్ అనే గుర్రానికి పాఠాలు చెప్పాడు. చివరకు హాన్స్ కూడికలు, తీసివేతలు, భిన్నాలు చేసింది. తారీఖులు చెప్పింది. అక్షరాల పట్టిక చూసి పేర్లు కూడబలుక్కుంది. అన్నిటికీ సమాధానం కుడికాలి డెక్కతోనే. ఫాన్ ఓస్టెన్ చూడవచ్చినవారి దగ్గర దమ్మిడీ తీసుకోలేదు. అదే అందరినీ ఇరకాటంలో పెట్టింది. డబ్బు అడగనివాణ్ణి మోసగాడు అనడం కష్టం. పైగా ఆయన లేనప్పుడు వేరేవాళ్ళు అడిగినా హాన్స్ సమాధానం చెప్పేది.

13 మందితో ఒక సంఘం వేశారు. మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ స్టుంఫ్, బెర్లిన్ జంతుప్రదర్శనశాల అధిపతి, సర్కస్ యజమాని పౌల్ బుష్, పశువైద్యులు, సైనికాధికారులు, ఉపాధ్యాయులు అందులో ఉన్నారు. 1904 సెప్టెంబరులో వారు ఇచ్చిన తీర్పు ఏమిటంటే, ఇక్కడ మోసమేమీ లేదు, తెలిసి ఇచ్చే సంజ్ఞలేవీ కనబడలేదు. జీవితమంతా గుర్రాలకు రహస్య సంజ్ఞలు నేర్పిన సర్కస్ యజమానికే దొరకలేదు!

తరువాతి పరిశోధనను స్టుంఫ్ తన దగ్గర పనిచేస్తున్న ఆస్కర్ ఫుంగ్‌స్ట్‌కు అప్పగించాడు. ఫుంగ్‌స్ట్ ఎవరినీ అనుమానించలేదు, ఎవరినీ నమ్మలేదు. ఒక్కొక్క పరిస్థితినీ మారుస్తూ వేలకొద్దీ ప్రశ్నలు అడిగాడు. మొదట, సమాధానం తనకే తెలియకుండా ప్రశ్న అడిగే ఏర్పాటు చేశాడు. అడిగేవాడికి సమాధానం తెలిసినప్పుడు హాన్స్ పదింటికి దాదాపు తొమ్మిదిసార్లు సరిగా చెప్పింది. తెలియనప్పుడు పదింటికి ఒక్కసారి కూడా సరిగా రాలేదు. తరువాత గుర్రానికి గంతలు కట్టి, ప్రశ్న అడిగేవాడు కనబడకుండా చేశాడు. హాన్స్ పాఠం మరిచిపోయింది. మరిచిపోవడమే కాదు, అడిగేవాణ్ణి చూడాలని మెడ తిప్పుతూ, కట్టును లాగుతూ పెనుగులాడింది. ఆ పెనుగులాటే అసలు సంగతి బయటపెట్టింది.

ప్రశ్న అడిగినవాడు డెక్కను చూడడానికి తల కొంచెం ముందుకు వంచుతాడు. గుర్రం తట్టడం మొదలుపెడుతుంది. సరైన సంఖ్య దగ్గర పడేకొద్దీ మనిషిలో ఆత్రుత పెరుగుతుంది. ఆ సంఖ్య రాగానే బిగువు వదిలి తల రవంత పైకి లేస్తుంది. గుర్రం ఆపుతుంది. ఫాన్ ఓస్టెన్ పెట్టుకునే వెడల్పు అంచు టోపీ ఆ కదలికను మరికాస్త పెద్దదిగా చూపించేది. తాను తల కదుపుతున్నట్లు ఆయనకు తెలియదు. తెలిసిన తరువాత కూడా ఫుంగ్‌స్ట్ తన తల కదలికను పూర్తిగా ఆపుకోలేకపోయాడు. ఆయన ఇంకొక పని చేశాడు. ప్రయోగశాలలో తానే గుర్రమై కూర్చుని, ఎదుటివాడు మనసులో తలుచుకున్న సంఖ్యను చేత్తో తడుతూ, ఎదుటి తలను గమనించి ఆపాడు. అలా పరీక్షించిన 25 మందిలో ఇద్దరు తప్ప అందరూ తమకు తెలియకుండానే సమాధానం చెప్పేశారు. ఈ పరిశోధన 1907లో పుస్తకంగా వచ్చింది.

1612 నాటి గారడీ పుస్తకాన్ని ఇప్పుడు గుర్తు చేసుకుందాం. యజమానికి తెలియనిది గుర్రానికి తెలియదు, గుర్రం చూపు యజమాని మీదే ఉంటుంది, సంఖ్య రాగానే మనిషి కదులుతాడు. 295 ఏళ్ళ క్రితమే రాసిపెట్టిన మాట. కానీ ఒక పెద్ద తేడా ఉంది. బ్యాంక్స్‌కు తానేం చేస్తున్నాడో తెలుసు. ఫాన్ ఓస్టెన్‌కు తెలియదు. బ్యాంక్స్ గుర్రానికి సంజ్ఞ నేర్పాడు. ఫాన్ ఓస్టెన్ నేర్పింది గణితం. సంజ్ఞను గుర్రం తానే కనిపెట్టింది. గురువు చెప్పిన పాఠం ఒకటి, శిష్యుడు నేర్చుకున్నది మరొకటి. నాలుగేళ్ళు నల్లబల్ల ముందు నిలబడి, పలకని ఆ శిష్యుడు నల్లబల్లను వదిలేసి గురువుగారి ముఖాన్ని చదువుకుంది.

ఇదే సంవత్సరం, 1904లోనే, అమెరికాలోని సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలో జిమ్ కీ అనే గుర్రం లెక్కలు చేస్తూ, అక్షరాలు కూర్చి పేర్లు చెబుతూ జనాన్ని ఆకట్టుకుంది. దాని గురువు విలియం కీ, టెనెస్సీ రాష్ట్రంలో బానిసగా పుట్టి, పశువైద్యం తానే నేర్చుకుని, అంగట్లో మందులమ్మి పైకి వచ్చిన నల్లజాతీయుడు. రోగిష్టిగా పుట్టిన పిల్లగుర్రాన్ని బతికించి, ఏళ్ళ తరబడి చదువు చెప్పాడు. కొరడా ముట్టకుండా, ఓర్పుతో, దయతో మాత్రమే నేర్పానని ప్రతి ప్రదర్శనలోనూ చెప్పేవాడు. కొరడా దెబ్బలు మనుషులకే మామూలైన లోకంలో పుట్టినవాడు ఆ మాట చెప్పడంలో ఉన్న బరువు వేరు. జంతువులను హింసించబోమని పిల్లల చేత ప్రమాణం చేయించే ఉద్యమానికి ఆ గుర్రం గుర్తుగా నిలిచింది. జిమ్ కీకి నిజంగా భిన్నాలు తెలుసా అని ఈరోజు వాదించడంలో అర్థం లేదు. దాని విద్య వెనుక ఉన్న సంజ్ఞ ఏదైనా, దాన్ని చూసి వెళ్ళిన పిల్లవాడు ఇంటికి వెళ్ళి తన గాడిదను కొట్టడం మానేస్తే, అదొక నిజమైన ఫలితం.

విలియం కీ, ఫాన్ ఓస్టెన్ ఇద్దరూ 1909లోనే కన్నుమూశారు. కీ గౌరవంతో పోయాడు. ఫాన్ ఓస్టెన్ చేదుతో పోయాడు. ఫుంగ్‌స్ట్ ఫలితాలు తెలిశాక ఆయన ఇక ప్రయోగాలు చేయనివ్వలేదు. తన జీవితకాలపు నమ్మకం ఒక తల కదలికగా తేలిపోతే ఎవరికైనా మింగుడుపడదు. హాన్స్ ఎల్బర్‌ఫెల్ట్‌కు చెందిన కార్ల్ క్రాల్ అనే నగల వర్తకుడి చేతికి వెళ్ళింది. 1914లో యుద్ధం వచ్చాక సైన్యం దాన్ని తీసుకుపోయింది. 1916 తరువాత దాని జాడ లేదు. భిన్నాలు చెప్పిన గుర్రం ఫిరంగుల మధ్య మామూలు గుర్రంగా ముగిసిపోయింది.

హాన్స్ కథను చాలామంది ఒక మోసం బయటపడిన కథగా చెబుతారు. నాకు అది అన్యాయంగా తోస్తుంది. భారతంలోని నలోపాఖ్యానం గుర్తుంది కదా! బాహుకుడి వేషంలో ఉన్న నలుడికి అశ్వహృదయం తెలుసు. ఋతుపర్ణుడికి అక్షహృదయం తెలుసు. చెట్టును ఒక్కచూపు చూసి ఆకులూ కాయలూ లెక్క చెప్పగలడు. ఇద్దరూ ఒకరి విద్య ఒకరికి ఇచ్చిపుచ్చుకుంటారు. ఫాన్ ఓస్టెన్ హాన్స్‌కు ఇవ్వాలనుకున్నది అక్షహృదయం. అది గుర్రానికి అందలేదు. కానీ దానికి బదులు హాన్స్ మనుష్యహృదయాన్ని సంపాదించుకుంది. 13 మంది నిపుణులు చూడలేనిదాన్ని ఒక గుర్రం చూసింది. దాన్ని తెలివి తక్కువతనం అనగలమా? 2016లో ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయం వారు 28 గుర్రాలకు మనుషుల ఛాయాచిత్రాలు చూపించారు. కోపంతో ఉన్న ముఖం చూసినప్పుడు వాటి గుండె వేగం త్వరగా పెరిగింది. మందలో ఒకదాన్నొకటి కనిపెట్టుకుంటూ ప్రాణాలు కాపాడుకునే జంతువుకు ఎదుటివాడి ఒంటి భాషే మొదటి చదువు.

హాన్స్ మనకు నేర్పినది కూడా తక్కువేమీ కాదు. పరీక్షించేవాడికి సమాధానం తెలియకూడదన్న నియమం ఎందుకు ఉండాలో చెప్పడానికి ఈనాటికీ హాన్స్ పేరే వాడతారు. 1963లో రాబర్ట్ రోసెంతాల్ ఒకే జాతి ఎలుకలను విద్యార్థులకు ఇచ్చి, కొన్ని తెలివైనవనీ కొన్ని మందమతులనీ చెప్పాడు. తెలివైనవని చెప్పిన ఎలుకలు నిజంగానే బాగా నేర్చుకున్నట్లు ఫలితాలు వచ్చాయి. 2011లో కాలిఫోర్నియాలో 18 పోలీసు కుక్కలను పరీక్షించినప్పుడు, మాదకద్రవ్యం ఉందని యజమాని నమ్మిన చోట ఏమీ లేకపోయినా కుక్కలు ఉందని చెప్పాయి. కంప్యూటర్లకూ ఈ జబ్బు తప్పలేదు. గుర్రాల బొమ్మలను గుర్తుపట్టే ఒక ప్రోగ్రాము, గుర్రాన్ని కాక ఆ ఫొటోల అంచున ఉన్న ఛాయాగ్రాహకుడి ముద్రను చూసి "గుర్రం" అంటోందని 2019లో పరిశోధకులు బయటపెట్టారు. ఈ జబ్బుకు వాళ్ళు హాన్స్ పేరే పెట్టారు.

నాకు మాత్రం హాన్స్ కథ చివరకు తరగతి గది కథ. ఫాన్ ఓస్టెన్ ఒక మంచి ఉపాధ్యాయుడు. ఓర్పు ఉంది, నిజాయితీ ఉంది, శిష్యుడి మీద నమ్మకం ఉంది. లేనిదల్లా తాను అడిగిన ప్రశ్నలోనే సమాధానం ఇచ్చేస్తున్నానేమో అన్న అనుమానం. మన బడుల్లో లెక్క చెబుతున్న మాస్టారు "అయిదా? ఆరా?" అని అడుగుతూ ఆరు దగ్గర కనుబొమ్మలు ఎత్తుతారు. తరగతి అంతా ఆరు అని అరుస్తుంది. "అర్థమైందా?" అంటే అందరి తలలూ ఒక్కసారి ఊగుతాయి. దీనికి మనకు బెర్లిన్ దాకా పోవలసిన పని లేదు. సంక్రాంతికి గుమ్మం ముందు నిలిచి, సన్నాయి వింటూ, అయ్యగారికి దండం పెట్టమనగానే తలవంచే బసవన్న ఉండనే ఉన్నాడు. అర్థం కాకుండానే అవునన్నవాణ్ణి మనం గంగిరెద్దులా తలూపాడు అంటాం. తప్పు తల ఊపినవాడిదే అన్నట్లు అంటాం. ఆ తలను ఊపిస్తున్న చెయ్యి ఎవరిదో చూడం.

ఫుంగ్‌స్ట్ గుర్రానికి గంతలు కట్టి నిజం తెలుసుకున్నాడు. చదువు చెప్పేవాడు అప్పుడప్పుడు వెనక్కి తిరిగి, తన ముఖం కనబడకుండా ప్రశ్న అడిగి చూడాలి. అప్పుడు వచ్చే సమాధానమే శిష్యుడిది.

గంగిరెద్దులకు తర్ఫీదు ఎలా ఇస్తారో, ఏ సంజ్ఞతో తల ఆడిస్తారో దగ్గరగా చూసినవారు మీలో ఎవరైనా ఉంటే తప్పక రాయండి. మన దగ్గర తరతరాలుగా చేతి నుంచి చేతికి వచ్చిన ఆ విద్య గురించి వివరంగా చదవాలని ఉంది.